‘కృత్రిమ సూర్యుడు’ అని రాయడం ఆపండి: విజ్ఞాన వార్తల సంపాదకులకు, పాఠ్యపుస్తక రచయితలకు బహిరంగ లేఖ

విజ్ఞాన వార్తలు రాసే పాత్రికేయులకు, వాటిని దిద్దే సంపాదకులకు, పాఠ్యపుస్తకాలు కూర్చే రచయితలకు, పరిశోధనశాలల్లో పత్రికా ప్రకటనలు సిద్ధం చేసే అధికారులకు,

నమస్కారం.

నేను ఇరవై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. కేంద్రక సంలీనం గురించి సామాన్య పాఠకులకు ఏం తెలిసినా మీ ద్వారానే తెలుస్తోంది గనుక, మీ శ్రమ మీద గౌరవంతోనే ఈ లేఖ రాస్తున్నాను. అయితే ఇది మొదటి లేఖ కాదు. భూమి మీద నిర్మిస్తున్న సంలీన రియాక్టర్లను ‘కృత్రిమ సూర్యుడు’ అని పిలవడం వల్ల ఎంత పొరపాటు పాకుతోందో వివరిస్తూ ఐదేళ్లలో ఏడు ఉత్తరాలు విడివిడిగా పంపాను. రెండింటికి అందినట్టు రసీదు వచ్చింది, మిగిలినవాటికి అదీ రాలేదు. ఆ మాట మాత్రం శీర్షికల్లోనూ పాఠాల్లోనూ చెక్కుచెదరకుండా ఉంది. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాయవలసి వచ్చింది.

పోలిక చెప్పడమే తప్పని నేను అనడం లేదు. రెండుచోట్లా తేలిక కేంద్రకాలు కలిసి బరువైనవి అవుతాయి, కలిసేటప్పుడు తగ్గిన ద్రవ్యరాశి శక్తిగా బయటికి వస్తుంది, రెండుచోట్లా పదార్థం ప్లాస్మా స్థితిలోనే, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయిన అతి వేడి వాయువుగానే ఉంటుంది. అంతవరకు పోలిక సరైనదే. కానీ మీ వార్తలు అక్కడితో ఆగడం లేదు. సూర్యుడిలో జరిగేదే ఇక్కడా జరుగుతోందని చెబుతున్నాయి. అది నిజం కాదు.

కిందటి ఏడాది తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది: “మేడమ్, సూర్యుడి మధ్యలో కోటిన్నర డిగ్రీలే కదా, వీళ్లు పది కోట్ల డిగ్రీలు తెచ్చారట. అంటే సూర్యుడికంటే గొప్పదాన్నే చేశారు. మరి కరెంటు ఎందుకు రావట్లేదు?” నేను జవాబు చెప్పకుండా సుద్దముక్క ఆమె చేతికే ఇచ్చాను. సూర్యుడు సెకనుకు వెలువరించే మొత్తం శక్తి వాట్లలో రాయాలంటే 38 పక్కన 25 సున్నాలు పెట్టాలి. సూర్యుడి ఘనపరిమాణం ఘనమీటర్లలో రాయాలంటే 14 పక్కన 26 సున్నాలు పెట్టాలి. ఒకదాన్ని ఇంకొకదానితో భాగించమన్నాను. ఘనమీటరుకు 0.27 వాట్లు వచ్చింది. ఎక్కడో ఒక సున్నా తప్పిందనుకుని బల్ల తుడిచి మళ్లీ చేసింది. మళ్లీ అదే వచ్చింది. అది సూర్యుడంతటి మీదా సగటు. సంలీనం జరిగే నడిబొడ్డునే తీసుకున్నా ఘనమీటరుకు 300 వాట్లు దాటదు. కిలోకు కిలో లెక్కన చూస్తే, ఆ బల్ల ముందు నిలబడ్డ ఆ అమ్మాయి శరీరం సూర్యుడికంటే కొన్ని వేల రెట్లు ఎక్కువ వేడి విడుదల చేస్తోంది.

ఇది మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. ఇది తెలిసినవారెవరూ సూర్యుణ్ణి రియాక్టరుకు నమూనాగా చూపలేరని మాత్రం నమ్ముతున్నాను. సూర్యుడి మంట చాలా మందకొడిది, అది పెద్దది కావడం వల్లనే మనకు అంత వెలుగు వస్తోంది. అనేక దేశాలు కలిసి ఫ్రాన్స్‌లో నిర్మిస్తున్న ఐటర్ అనే ప్రయోగాత్మక సంలీన రియాక్టర్ అనుకున్నట్టు పనిచేస్తే, 830 ఘనమీటర్ల ప్లాస్మా నుంచి 500 మెగావాట్ల సంలీన శక్తి రావాలి. అంటే ఘనమీటరుకు సుమారు 6 లక్షల వాట్లు, సూర్యుడి కేంద్రంలో కంటే రెండువేల రెట్లు. సూర్యుణ్ణి ఉన్నదున్నట్టు ఒక గదిలో పెట్టగలిగినా దాన్నుంచి విద్యుత్ కేంద్రం నడపలేం.

ఎందుకింత మందకొడితనం? సూర్యుడిలో ఇంధనం మామూలు హైడ్రోజన్, అంటే ఒంటరి ప్రోటాన్లు. ప్రోటాన్లన్నీ ధనావేశం ఉన్నవే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. 1928లో జార్జ్ గామోవ్ వివరించిన క్వాంటం టన్నెలింగ్ (సూక్ష్మ కణాలు తమ శక్తికి మించిన అడ్డును కూడా ఒక్కోసారి దాటిపోవడం) వల్ల అవి అరుదుగా ఆ నెట్టుడు అనే అడ్డుగోడను దాటి దగ్గరవుతాయి. దగ్గరైనా సరిపోదు. ఆ కనురెప్పపాటులోనే ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారాలి, పాజిట్రాన్, న్యూట్రినో అనే కణాలను వదలాలి. ఈ మార్పు బలహీన కేంద్రక బలం చేతిలో ఉంది, అది పేరుకు తగ్గట్టే అతి నిదానంగా పనిచేస్తుంది. సూర్యుడి నడిబొడ్డులో ఒక ప్రోటాన్ ఈ మొదటి మెట్టు ఎక్కడానికి సగటున వందల కోట్ల సంవత్సరాలు వేచి ఉండాలి. ఆ తర్వాతి మెట్టుకు, అంటే అలా పుట్టిన డ్యుటీరియం (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ ఉన్న బరువైన హైడ్రోజన్) ఇంకో ప్రోటాన్‌తో కలవడానికి, కొన్ని సెకన్లు చాలు. ఈ వరుసను 1930ల చివర్లో హాన్స్ బేథే తదితరులు తేల్చారు. ఆ పనికే బేథేకు 1967లో నోబెల్ బహుమతి వచ్చింది. సూర్యుడికంటే బాగా బరువైన నక్షత్రాల్లో కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌లను మధ్యవర్తులుగా పెట్టుకున్న మరో వరుస ప్రధానం, అదీ రియాక్టర్లకు పనికిరాదు.

భూమి మీద ఏ యంత్రమూ ఆ ప్రోటాన్ల చర్యతో శక్తిని తీయడం లేదు, తీయాలన్న ఆలోచన కూడా ఎవరికీ లేదు. మనవాళ్లు ఎంచుకున్నది డ్యుటీరియం, ట్రిటియం (రెండు న్యూట్రాన్లున్న హైడ్రోజన్) జంట. వాటిలో న్యూట్రాన్లు ముందే ఉన్నాయి గనుక బలహీన బలం కోసం ఎదురుచూసే పని లేదు. ఈ చర్య సూర్యుడిలోని మొదటి మెట్టుకంటే కోటి కోటి కోటి రెట్లకు పైగా సులువుగా జరుగుతుంది. ఇంధనమూ వేరే, చర్యా వేరే, దాన్ని నడిపించే బలమూ వేరే.

నిలిపి ఉంచే పద్ధతీ వేరే. సూర్యుడి బరువు భూమికి 3 లక్షల 30 వేల రెట్లు. ఆ బరువే లోపలి ప్లాస్మాను నీటికంటే 150 రెట్ల సాంద్రతకు, మన గాలి ఒత్తిడికి సుమారు 25 వేల కోట్ల రెట్ల పీడనానికి అదిమిపెడుతుంది. లోపల పుట్టిన వేడి అన్ని వేల కిలోమీటర్ల పొరలను దాటి పైకి రావడానికి వేల, లక్షల ఏళ్లు పడుతుంది. మన దగ్గర ఆ బరువు లేదు. టోకామక్ అనే ఉంగరం ఆకారపు గదిలో బలమైన అయస్కాంత క్షేత్రంతో ప్లాస్మాను గోడలకు తగలకుండా తేల్చి పెడతాం. ఆ ప్లాస్మా మనం పీల్చే గాలికంటే సుమారు రెండున్నర లక్షల రెట్లు పలచన. అందులోని వేడిని మూడు నాలుగు సెకన్లపాటు జారిపోకుండా ఆపగలిగితే అదే ఘనకార్యం. సాంద్రతా లేదు, సమయమూ లేదు కాబట్టి, మిగిలిన ఒక్క దారి ఉష్ణోగ్రతను పెంచడమే. సూర్యుడికంటే పది రెట్లు, అంటే 15 కోట్ల డిగ్రీల దాకా వెళ్లవలసి రావడానికి కారణం ఇది. ‘సూర్యుణ్ణి మించిన వేడి’ అని మీరు విజయంగా రాసే అంకె నిజానికి మనకు సూర్యుడి బరువు లేనందువల్ల కట్టవలసి వచ్చిన మూల్యం.

ఇక గోడల సంగతి. నా లేఖకు ఇదే కీలకం. సూర్యుడిలో పుట్టే శక్తిలో రెండు శాతం వరకు న్యూట్రినోలు పట్టుకుపోతాయి, మిగిలినదంతా అక్కడే వేడిగా మారుతుంది. న్యూట్రాన్లు ఎగిరి వచ్చి దేన్నీ కొట్టవు. కొట్టడానికి అక్కడ గోడ కూడా లేదు. డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు వెలువడే 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిలో 14.1 మిలియన్ న్యూట్రాన్‌కే చేరతాయి. ఆవేశం లేని ఆ కణం అయస్కాంత క్షేత్రాన్ని ఖాతరు చేయకుండా నేరుగా వెళ్లి గోడను తాకుతుంది. లోహంలోని పరమాణువులను వాటి స్థానాల నుంచి తోసేస్తుంది, లోహం లోపల హీలియం పుట్టించి పెళుసుబారేలా చేస్తుంది, ఉక్కును రేడియోధార్మికం చేస్తుంది. విద్యుత్తుగా మార్చవలసిన వేడిలో అధికభాగం ఈ న్యూట్రాన్ల ద్వారానే రావాలి. అంటే ఏది ఉపయోగమో అదే నష్టమూ చేస్తోంది. సూర్యుడిలో లేని ఈ చిక్కు మీదే ఇప్పుడు పదార్థ శాస్త్రవేత్తలు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ‘కృత్రిమ సూర్యుడు’ అన్న మాటలో ఈ గోడకు చోటే లేదు.

ట్రిటియం సంగతీ అంతే. డ్యుటీరియం సముద్రపు నీటిలో ఘనమీటరుకు 33 గ్రాముల చొప్పున దొరుకుతుంది. ట్రిటియం అర్ధాయువు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 12.3 ఏళ్లే కాబట్టి ప్రకృతిలో నిల్వలు ఉండవు. వెయ్యి మెగావాట్ల సంలీన శక్తిని ఏడాది పొడవునా ఇచ్చే కేంద్రానికి 55 కిలోలకు పైగా ట్రిటియం కావాలి. పౌర అవసరాల కోసం ప్రపంచంలో ఉన్నది పదుల కిలోలే, అదీ ఎక్కువగా భారజల అణు రియాక్టర్ల నుంచి వచ్చినదే. కాబట్టి ప్రతి సంలీన కేంద్రమూ తన గోడల్లో లిథియం పెట్టి, న్యూట్రాన్లతో దాన్ని కొట్టించి, తనకు కావలసిన ట్రిటియాన్ని తానే తయారుచేసుకోవాలి. పూర్తి స్థాయిలో ఇది ఇంతవరకు ఎక్కడా చేసి చూపలేదు. ‘సముద్రపు నీటితో అంతులేని శక్తి’ అని రాసేటప్పుడు లిథియం ఊసు ఎందుకు రాదు?

ఈ వక్రీకరణ వల్ల దెబ్బతింటున్నది ఎవరో ఇప్పుడు చెబుతాను.

1. పన్ను కట్టేవారు. 2022 డిసెంబరు 5న అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ అనే లేజర్ సంలీన ప్రయోగశాలలో 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తికి 3.15 మెగాజౌళ్ల సంలీన శక్తి వచ్చింది. అది చరిత్రాత్మకమైన ఫలితమే, ఆ వార్త వచ్చినప్పుడు నేనూ తరగతిలో దాని గురించే చెప్పాను. కానీ ఆ లేజర్లను నడపడానికి గ్రిడ్ నుంచి తీసుకున్నది 300 మెగాజౌళ్లు. ఇంట్లో మీటరు భాషలో చెబితే, 83 యూనిట్లు పెడితే ఒక యూనిట్ కూడా పూర్తిగా తిరిగి రాలేదు, వచ్చినదీ వేడే తప్ప కరెంటు కాదు. ఈ రెండో అంకె వార్త చివర్లోనైనా చాలాచోట్ల కనిపించలేదు. అప్పుడు ‘శక్తి సమస్య తీరిపోయింది’ అని చదివినవారు, ఐటర్‌లో డ్యుటీరియం, ట్రిటియం ప్రయోగాలు 2039లో మొదలవుతాయన్న 2024 నాటి కాలపట్టిక విన్నప్పుడు తమను ఎవరో మోసం చేశారనుకుంటారు. వారి కోపం మీ శీర్షిక మీదికి రాదు, శాస్త్రవేత్తల మీదికి వెళ్తుంది. ఐటర్ కరెంటు ఉత్పత్తి చేయడానికి కట్టింది కాదన్న సంగతి కూడా వారికి ఎవరూ చెప్పలేదు.

2. రియాక్టర్ల చుట్టుపక్కల ఉండబోయే జనం. ఒక అవగాహన సభలో ఒక పెద్దావిడ నన్ను అడిగారు: “అమ్మా, ఆ సూర్యుడు చేయి జారితే మా గతేంటి?” ఆమె మాటలో తప్పు లేదు. సూర్యుణ్ణి తెచ్చి పక్కన పెడుతున్నామని చెప్పింది మనమే. నిజానికి ఆ గదిలో ఒక క్షణాన ఉండే ఇంధనం కొన్ని గ్రాములకు మించదు. అయస్కాంతాలు ఆగినా, గాలి చొరబడినా ప్లాస్మా క్షణాల్లో చల్లారిపోతుంది. బరువైన కేంద్రకాలను చీల్చే విచ్ఛిత్తి రియాక్టర్లలో మాదిరి గొలుసుచర్య ఇక్కడ లేదు. సూర్యుడిలోనైతే వేడి పెరిగితే గర్భం వ్యాకోచించి దానంతట అదే సర్దుకుంటుంది, ఇక్కడ సమస్య మంట ఆరిపోకుండా చూడటమే. అయితే ఆమె భయపడవలసిన అవసరం లేనిదానికి భయపడుతూ, అడగవలసిన ప్రశ్నలు అడగలేకపోయారు. ఆవరణలో ట్రిటియం ఎంత నిల్వ ఉంచుతారు? అది హైడ్రోజనే కాబట్టి వేడి లోహాల గుండా చొచ్చుకుపోతుంది, నీటిలో కలుస్తుంది. దాని కిరణాలు చర్మాన్ని దాటలేకపోయినా శరీరంలోకి వెళ్తే హాని చేస్తాయి. నీటిని ఎవరు, ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తారు? రేడియోధార్మికమైన ఉక్కును ఎక్కడ పెడతారు? వాడేసిన విచ్ఛిత్తి ఇంధనం వేల ఏళ్ల సమస్య అయితే ఈ ఉక్కు దశాబ్దాల నుంచి వందేళ్ల స్థాయి సమస్య. అది మేలైన సంగతే, కానీ వందేళ్లు అక్కడ ఉండేది ఆమె మనవలు.

3. చిన్న మొత్తాలు దాచుకునేవారు. సంలీనం పేరుతో ఇప్పుడు ప్రైవేటు పెట్టుబడులు సేకరిస్తున్నారు. అందులో నిజాయితీ గల ప్రయత్నాలున్నాయి. కానీ సూర్యుడిలో రోజూ జరుగుతున్నదే కదా, ఇంజనీర్లు కాస్త పట్టుపడితే అయిపోతుంది అనుకుని డబ్బు పెట్టేవారికి, ట్రిటియం గురించీ గోడల గురించీ ఎవరిని అడగాలో తెలియదు.

4. విద్యార్థులు. సూర్యుడిలో డ్యుటీరియం, ట్రిటియం కలుస్తాయని చెప్పే పాఠం నేను కళ్లారా చూశాను. ‘సూర్యుడిలో మొదట ప్రోటాన్లు కలుస్తాయి’ అని పరీక్షలో రాసిన నా విద్యార్థికి, పుస్తకంలో అలా లేదని మార్కు తీసేశారు. అభ్యంతరం తెలుపుతూ రాసిన ఉత్తరానికి సమాధానం లేదు. సరైన జవాబు రాసినందుకు శిక్ష పడిన పిల్లవాడు తర్వాత ఏం రాస్తాడో మీరే ఆలోచించండి.

‘ఇంత వివరం పాఠకులకు బరువవుతుంది’ అని మీలో కొందరు అంటారని తెలుసు. ఈ రంగంలో అత్యుత్సాహం ఖరీదు ఏమిటో చూపే ఉదంతం ఒకటుంది. 1958 జనవరిలో బ్రిటన్ తన జీటా అనే సంలీన ప్రయోగ యంత్రంలో సంలీన న్యూట్రాన్లు కనిపించాయని ప్రకటించింది. పత్రికలు దాన్ని సూర్యుడితో పోల్చి పండుగ చేశాయి. కొన్ని నెలల్లోనే ఆ న్యూట్రాన్లు ప్లాస్మా వేడి వల్ల జరిగిన సంలీనం నుంచి పుట్టినవి కావని తేలి, ప్రకటనను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పదేళ్ల తర్వాత సోవియట్ శాస్త్రవేత్తలు తమ టీ-3 టోకామక్ ఫలితాలు చెప్పినప్పుడు ప్రపంచం ఊరికే నమ్మలేదు. 1969లో బ్రిటిష్ బృందం తన లేజర్ పరికరాలు మాస్కోకు మోసుకెళ్లి, ఉష్ణోగ్రతను స్వయంగా కొలిచి, నిజమేనని ధ్రువీకరించింది. ఆ తర్వాతే దేశదేశాల్లో టోకామక్‌లు వెలిశాయి. పాఠకులు అంకెలను భరించలేరనడం వారిని తక్కువ చేయడం. బ్రిటన్‌లోని జెట్ అనే టోకామక్ 2023లో 0.2 మిల్లీగ్రాముల ఇంధనంతో 69 మెగాజౌళ్లు, అంటే సుమారు 19 యూనిట్లకు సమానమైన వేడి తీసింది. సూర్యుడి పేరెత్తకుండానే ఈ వాక్యం ఎవరినైనా ఆశ్చర్యపరచగలదు.

కాబట్టి నా విజ్ఞప్తులు ఇవి. ఇవి కొత్తవి కావు, ఏడు ఉత్తరాల్లోనూ ఉన్నవే.

1. సంలీన యంత్రానికి ‘కృత్రిమ సూర్యుడు’ అనే పేరు వార్తల్లోనూ శీర్షికల్లోనూ మానేయండి. ఒక యంత్రానికి దాని తయారీదారులే ఆ ముద్దుపేరు పెట్టుకుని ఉంటే, అది వారు పెట్టుకున్న పేరని చెప్పి, ‘సంలీన రియాక్టర్’ అనో ‘టోకామక్’ అనో రాయండి.

2. ప్రతి ఫలితంతోపాటు నాలుగు సంగతులు తప్పక ఇవ్వండి: ప్లాస్మాలోకి లేదా లక్ష్యంలోకి పంపిన శక్తి ఎంత, మొత్తం యంత్రం గ్రిడ్ నుంచి తీసుకున్నది ఎంత, ఎన్ని సెకన్లు నిలిచింది, వాడిన ఇంధనం ఏది. 2025 జనవరిలో చైనాలోని ఈస్ట్ అనే టోకామక్ 1,066 సెకన్లు, ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని వెస్ట్ అనే టోకామక్ 1,337 సెకన్లు ప్లాస్మాను నిలిపాయి. అవి నిలకడలో గొప్ప మెట్లు. కానీ వాటిలో ట్రిటియం వాడలేదన్న ఒక్క వాక్యం లేకపోతే, పదిహేడు, ఇరవై రెండు నిమిషాలు శక్తి ఉత్పత్తి చేశారని పాఠకులు అనుకుంటారు.

3. పరిశోధనశాలల ప్రకటనల్లో ట్రిటియం, న్యూట్రాన్ల వల్ల గోడకు కలిగే నష్టం, వ్యర్థాల గురించి ఒక పేరా ఉండాలి. దాచినది తర్వాత బయటపడితే పోయేది మీ సంస్థ పరువు మాత్రమే కాదు.

4. పాఠ్యపుస్తక రచయితలు సూర్యుడి చర్యనూ రియాక్టరు చర్యనూ రెండు వేర్వేరు సమీకరణాలుగా పక్కపక్కన ముద్రించాలి. తదుపరి ముద్రణ దాకా ఆగకుండా ఇప్పుడే ఒక సవరణ పత్రం పంపాలి. ప్రోటాన్ల చర్య రాసిన విద్యార్థికి మార్కు ఇవ్వాలని దిద్దేవారికి స్పష్టంగా తెలియజేయాలి.

మీరు ఒప్పుకోని అంశం ఏదైనా ఉంటే, ఏ అంకె తప్పో చూపండి. దిద్దుకుని, ఆ దిద్దుబాటును కూడా ఇలాగే బహిరంగంగా రాస్తాను. మూడు నెలల్లోగా సమాధానం ఆశిస్తున్నాను. ఈసారి రసీదు ఒక్కటే వస్తే, ఇదే లేఖను తప్పుడు పాఠాల పేజీ నంబర్లతో సహా ఉపాధ్యాయులందరికీ, విద్యార్థుల తల్లిదండ్రులకూ పంపుతాను.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకురాలు